విజిల్ మోగితే పని ఆగాలి! ఊదినోళ్ల కూలి ఆగకూడదు!

అడ్డా మీది అక్కలారా, అన్నలారా, మేస్త్రీలారా, సైటు ఇంజనీర్లారా, రేపు ఆ ఫ్లాట్లలో పాలు పొంగించబోయే అమ్మలారా, అయ్యలారా! రెండు నిమిషాలు ఆగి చదవండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి.

కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, బాచుపల్లి, ఎటు చూసినా ముప్పై, నలభై అంతస్తులు లేస్తున్నాయి. హోర్డింగుల మీద స్విమ్మింగ్ పూల్ బొమ్మ ఉంటుంది, క్లబ్ హౌస్ బొమ్మ ఉంటుంది, చెట్టుకింద కుక్కపిల్లతో ఆడుకునే పాప బొమ్మ కూడా ఉంటుంది. సిమెంటు మాల్ మోసే మనిషి బొమ్మ ఉండదు. ఈ కాగితం ఆ మనిషి గురించి.

మేస్త్రి ఇటుక పేరుస్తాడు. ఆ ఇటుక అందించేవాళ్లు వేరే ఉంటారు. మాల్ కలిపేవాళ్లు, గమేళా నెత్తిన పెట్టుకొని గోవా (పరంజా) ఎక్కేవాళ్లు, తెల్లారకముందే పైపు లాక్కుంటూ వెళ్లి స్లాబుకు నీళ్లు కొట్టేవాళ్లు, సెంట్రింగ్ విప్పాక చెక్కల్లో మేకులు పీకేవాళ్లు, మలబా ఎత్తేవాళ్లు, సామాను లిఫ్టు దగ్గర నిలబడి పైకీ కిందికీ సైగ చేసేవాళ్లు, రాత్రి సెల్లార్‌లో పిల్లలతో పడుకొని సిమెంటు బస్తాలకు కాపలా కాసేవాళ్లు. వీళ్లంతా చేతికింద పనోళ్లు. చాలా సైట్లలో హాజరు పుస్తకంలో వీళ్లకు పేర్లు ఉండవు. ‘లేడీస్ 6, జెంట్స్ 9’ అని రాసి ఉంటుంది. ఒకరు పడిపోయినరోజు ఆ ఆరుగురిలో ఎవరని ఆ పుస్తకాన్ని అడిగితే చెప్పదు.

అయినా ప్రమాదం ఎక్కడ కాచుకొని ఉందో అందరికన్నా ముందు తెలిసేది వీళ్లకే. మేస్త్రి పొద్దంతా ఒక గోడ దగ్గరే ఉంటాడు. ఇంజనీరు ఒక పూట వచ్చి చూసి పోతాడు. చేతికింద మనిషి మాత్రం అవే మెట్లు, అదే చెక్క, అదే లిఫ్టు గుంత అంచు రోజుకు పదులసార్లు దాటుతుంది. ఏ పలక కాలికింద ఊగుతుందో, వైబ్రేటర్ కేబులు జాయింటు ఏ నీళ్లగుంటలో నానుతుందో, లిఫ్టు గుంత మీద కప్పిన ప్లైవుడ్ ముక్క రాత్రికి రాత్రి ఎవరి పొయ్యిలోకి పోయిందో ఆమెకు తెలుసు. తెలిసీ చెప్పదు. ఎందుకు చెప్పదో మా కళ్లముందు జరిగిన ఒక ముచ్చట వినండి.

మూడో అంతస్తులో బయటిగోడకు ప్లాస్టరింగ్ నడుస్తోంది. గోవా పైపుల మీద పరిచిన చెక్కలను బైండింగ్ వైరుతో కట్టారు. మధ్య చెక్కకు ఒకవైపు వైరు తెగింది. చెక్క కొస పైపు మీద రెండువేళ్ల వెడల్పు మాత్రమే ఆని ఉంది. పాలమూరు నుంచి వచ్చిన ఒకామె మాల్ దించుతూ అది చూసింది. “మేస్త్రీ, ఈ చెక్క జరుగుతాంది” అంది. “నీకెందుకే అది? నువ్వేమన్న ఇంజనీరువా? మాల్ తే” అన్నాడాయన. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె మళ్లీ నోరెత్తలేదు. మరునాడు మాల్ పోసేటప్పుడు ఆ చెక్క మీద కాలు పెట్టకుండా పక్కనుంచి వంగి అందించింది, అంతే. ఆ తర్వాతిరోజు చెక్క జారింది. పడింది ఎవరనుకున్నారు? మేస్త్రే. కింద ఇసుకకుప్ప ఉండబట్టి కాలు విరిగి బతికాడు. “ఇంకోసారి ఎందుకు చెప్పలేదమ్మా?” అని మేం అడిగితే ఆమె అన్నమాట ఇది: “చెప్తే తిడ్తరు. తిడ్తే తిట్టనీ, పడ్తం. రేపటి సంది రావొద్దంటే ఏం తిని బతకాలె?”

మేం చెప్పదలచుకున్నదంతా ఆమె మాటలోనే ఉంది. హెల్మెట్ ఇచ్చారా లేదా అని అందరూ అడుగుతారు. హెల్మెట్ ఇవ్వాల్సిందే. బెల్టు ఇవ్వాల్సిందే, దాని కొక్కెం తగిలించుకోవడానికి తాడు కూడా కట్టాల్సిందే. (నడుముకు బెల్టుండి కొక్కెం గాలిలో ఊగడం మనం రోజూ చూసేదే. ఫోటో తీసి పైవాళ్లకు పంపడానికి ఆ బెల్టు చాలు.) కానీ తెగిన వైరును ఏ హెల్మెట్టూ కనిపెట్టదు, మనిషి కనిపెట్టాలి. కనిపెట్టిన మనిషిని నోరుమూసుకోమన్న రోజే ప్రమాదం సగం జరిగిపోయింది. సైటులో ఒసేయ్, అరేయ్ అనే పిలుపులు, తల్లి మీద చెల్లి మీద తిట్లు ఆపమని అడిగేది ఒక్క మర్యాద కోసమే అనుకోకండి. భయంతో పనిచేసే మనిషి చూసింది చెప్పడు, చెప్పకపోతే ఎవరో ఒకరు పోతారు.

మట్టిపనికి రండి. సెల్లార్ గుంతలు ఎంత లోతు తవ్వుతున్నారో మీరే చూస్తున్నారు. వాన పడి మట్టి నానిందని, అంచు పగులు చూపిందని గుంతలో పార పట్టుకున్నవాడికి తెలుస్తుంది. ఒక ఘనమీటరు మట్టి బరువు సుమారు ఒకటిన్నర టన్ను. ఛాతీదాకా కూరుకున్నా చాలు, తల బయటే ఉన్నా ఊపిరి ఆడదు. పెళ్ల విరిగాక పరిగెత్తే టైము ఉండదు. అది విరగకముందే “నేను దిగను, ముందు చెక్కలు కట్టండి” అనగలగాలి. ఈ మాట అన్నందుకు ఎవడి కూలీ తెగకూడదు.

పడుకునే చోటు సంగతి కూడా ఇంతే. 2024 మే 7న కురిసిన పెద్దవానకు బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు రిటైనింగ్ గోడ కూలి కూలీల షెడ్ల మీద పడింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి బతకొచ్చిన కుటుంబాలవి. ఏడుగురు పోయారు, అందులో నాలుగేళ్ల పసిబిడ్డ ఉన్నాడు. మనవాళ్లు వలసపోయిన చోటా ఇదే కథ. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల బిల్డింగు కుప్పకూలి 61 మంది చనిపోయారు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లకు ఎన్నో శవాలు వచ్చాయి. షెడ్డు ఎక్కడ వేయాలో, గోడకు ఎంత దూరంలో వేయాలో అందులో పిల్లలను పడుకోబెట్టుకునే తల్లిని ఎవరైనా అడిగారా? అడగండి. ఆమె చూపించిన చోట వేయండి.

నీళ్లు, మరుగుదొడ్డి గురించి చెప్పడానికి సిగ్గుపడేది మేం కాకూడదు. సైటులో దొడ్డి లేక, ఉన్నదానికి తలుపు లేక, పొద్దున ఇంటి దగ్గర తాగిన నీళ్లతోనే మన ఆడవాళ్లు సాయంత్రందాకా నెట్టుకొస్తున్నారు. మేనెల ఎండలో స్లాబు మీద కళ్లు తిరిగి పడిపోతే ‘నాజూకు’ అంటున్నారు. ఆమె నీళ్లెందుకు తాగలేదో ఎవరూ అడగరు. తాగునీళ్ల చోటు మరుగుదొడ్డికి కనీసం ఆరు మీటర్ల దూరంలో ఉండాలని 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం మీటర్లు కొలిచి మరీ రాసింది. యాభైమందికి మించి ఆడవాళ్లు పనిచేసేచోట పిల్లలకు గది, చూసుకునే మనిషి ఉండాలని కూడా రాసింది. ఆ లెక్క ఎక్కడా తేలకుండా ఒకే సైటులో జనాన్ని నలుగురు చిన్న కాంట్రాక్టర్ల కింద పంచి రాసుకోవడం తెలియనివాళ్లు ఉన్నారా? పిల్లలేమో ఇసుకకుప్ప మీద, చీర ఉయ్యాలలో, లిఫ్టు గుంతకు పదడుగుల దూరంలో పెరుగుతున్నారు. తడి సిమెంటు పాదాలను తినేస్తుందని తెలిసి చెప్పుల్లో ప్లాస్టిక్ కవర్లు చుట్టుకొని మాల్ తొక్కే ఆడవాళ్లకు వాళ్ల కొలతకు సరిపడే రబ్బరు బూట్లు కొనివ్వడం కోట్ల ప్రాజెక్టుకు భారమా?

ఇక ఎవరూ మాట్లాడని సంగతి. సైటులో ఒకరు పడి చనిపోతే ఆ రాత్రే శవం ఊరికి బండి ఎక్కుతుంది. తెల్లారేసరికి పని మొదలు. ఆ నేల కడిగేది ఎవరు? నీళ్లు కొట్టే పైపు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే. నిన్న తనతో కలిసి సద్ది తిన్న మనిషి నెత్తురు పైపుతో కడిగి, ఎనిమిది గంటలకు మాల్ కలపాలి. ఆ తర్వాత ఆమెకు నిద్ర పట్టదు. గోవా ఎక్కితే కాళ్లు వణుకుతాయి. ‘భయపడ్డది, తాయత్తు కట్టించండి’ అంటారు. కట్టించుకోండి, మేం వద్దనం. కానీ ఆ మనిషికి రెండురోజులు నేలమీద పని ఇవ్వండి, కూలి తెంచకండి, పక్కన కూర్చుని మాట్లాడనివ్వండి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకుంటే అందులో 42,004 మంది రోజుకూలీలు. నలుగురిలో ఒకరు మనవాడే. అప్పు ఉంటుంది, ఊళ్లో పెళ్లాంబిడ్డలు ఉంటారు, మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఉంటుంది. ఇవి ఎవరితో చెప్పుకోవాలో తెలియదు. మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. తాగి పడిపోయాడని నవ్వేముందు వాడు ఎందుకు తాగుతున్నాడో ఒక్కసారి అడగండి.

ఆడవాళ్లను సతాయించేవాళ్లకు ఒకమాట. గమేళా నెత్తికెత్తేటప్పుడు తాకే చేయి, వారం కూలి ఇచ్చేటప్పుడు ‘సాయంత్రం ఒక్కదానివే రా’ అనే నోరు ఎవరిదో మాకు తెలుసు. నెత్తిన బరువు, కాలికింద చెక్క ఉన్న మనిషిని బెదరగొట్టడమంటే కిందికి తోయడంతో సమానం. అక్కలారా, పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం అడ్డా కూలికి కూడా వర్తిస్తుంది. సైటులో కమిటీ లేకపోయినా జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. మూడునెలల్లోపు ఫిర్యాదు చేయాలి. రాయడం రాకపోతే రాసుకోవడానికి సాయం చేయాల్సిన బాధ్యత వాళ్లదే. ఒంటరిగా పోకండి, నలుగురం వస్తాం.

మేస్త్రీ అన్నా, నీతో మాకు పగ లేదు. నువ్వూ ఒకనాడు గమేళా మోసినవాడివే. పైనుంచి కాంట్రాక్టరు నిన్ను తిడతాడు, నువ్వు మమ్మల్ని తిడతావు, మేం ఇంటికెళ్లి పిల్లలను కొడతాం. శనివారంలోపు స్లాబు పడకపోతే బిల్లు రాదని నీమీద ఒత్తిడి ఉందని తెలుసు. కానీ చెక్క జారితే అది మేస్త్రి, కూలి అని చూడదు. పైన రాసిన ముచ్చటలో కాలు విరిగిందెవరిదో ఇంకోసారి చదువు.

ఇప్పుడు చట్టం సంగతి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1996 చట్టం భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసింది. దాని 14వ సెక్షన్ ప్రకారం ప్రాణానికి ప్రమాదం ఉందని అనిపిస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పే హక్కు కార్మికుడికి ఉంది. మంచిదే. కానీ చెప్పి, వాళ్లు వచ్చి చూసేదాకా ఆ చెక్క మీదే నిలబడాలా? ప్రమాదం నుంచి పక్కకు తప్పుకునే హక్కు ఉండాలని నిర్మాణ కార్మికుల కోసం 1988లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 167వ ఒడంబడిక చెబుతోంది. మన కోడ్ అంత తేటగా చెప్పదు. చట్టం మారాలి, దానికోసం కొట్లాడదాం. అది మారేదాకా సైటులో మనం చేసుకోగలిగింది ఒకటి ఉంది.

విజిల్.

చేతికింద పనిచేసే ప్రతి మనిషి మెడలో ఒక విజిల్ ఉండాలి. ఒకసారి గట్టిగా, పొడుగ్గా ఊదితే ఆ చోట పని ఆగాలి, గోవా మీదివాళ్లు దిగాలి, క్రేన్ బరువు కదలకూడదు. మేస్త్రి వచ్చి చూడాలి. చూసి, సరిచేసి, మళ్లీ మొదలుపెట్టమనాలి. ఊదినవాళ్లది తప్పని తేలినా ఒక్కమాట అనకూడదు, పావుగంట కూలి కూడా కోయకూడదు. విజిలే ఎందుకంటే సైటులో ఇప్పుడు ఒక్క భాష లేదు. “జరుగు జరుగు” అని తెలుగులో అరిస్తే ఒడియా పిల్లవాడు తలెత్తి చూస్తాడే తప్ప జరగడు. మిషన్ల మోతలో ఆడగొంతు వినపడదు. విజిల్ ఎవరికైనా వినపడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. మొదటి విజిల్‌కు నవ్వుతారు, రెండోదానికి చిరాకు పడతారు, ఒక ప్రాణం నిలిచాక వాళ్లే జేబులో పెట్టుకుంటారు.

దీనితో పాటు మేం అడిగేవి ఇవి. పొద్దున పని మొదలయ్యేముందు పదినిమిషాలు అందరూ ఒకచోట నిలబడాలి. ఇంజనీరు చెప్పడానికి ముందు నిన్న ఎక్కడ భయమేసిందో చేతికింద పనోళ్లను అడగాలి. హాజరు పుస్తకంలో ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాయాలి. ప్రమాదం జరిగిన మర్నాడు ఆ చోట పని ఆపాలి, కూలి ఇవ్వాలి.

ఫ్లాట్ కొనేవాళ్లకు ఒక విన్నపం. సైటు చూడటానికి వచ్చినప్పుడు కారు పార్కింగ్ ఎన్ని, ముఖద్వారం ఏ దిక్కు అని అడుగుతారు. అవి అడిగాక ఇంకో రెండు అడగండి: ఆడవాళ్ల దొడ్డి ఎక్కడ? లిఫ్టు గుంతకు అడ్డం ఏది? అమ్మేవాడు మా మాట వినడు, డబ్బు కట్టే మీ మాట వింటాడు.

దేవుడి దయవల్ల రావద్దుగానీ, ప్రమాదం వస్తే కంగారులో సంతకాలు పెట్టకండి. ముందు 108, వెంటనే 112. ఆ చోటు ఫోటో తీయండి. శవం కదలకముందే కేసు రాయించండి. “రెండు లక్షలిస్తాం, గొడవ వద్దు” అనే పెద్దమనుషులు వస్తారు. వాళ్లకు ఈ లెక్క చూపించండి. నెలకు 15 వేలు జీతంగా పెట్టుకొని, 35 ఏళ్ల మనిషి పనిలో చనిపోతే జీతంలో సగం 7,500. దాన్ని ఆ వయసుకు చట్టం రాసిన 197.06తో హెచ్చవేస్తే 14,77,950 రూపాయలు. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ. చిన్న కాంట్రాక్టరు చేతులెత్తేస్తే పైనున్న అసలు కంపెనీ కట్టాలి. ఇది ఎవరి దానమూ కాదు.

ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి, 18 నుంచి 60 ఏళ్లలోపు ఉన్నవాళ్లందరూ లేబర్ కార్డు తీసుకోండి. కట్టడం ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సుగా మన సంక్షేమ బోర్డుకు చేరుతుంది. యాభై కోట్ల బిల్డింగుకు యాభై లక్షలు. అది మన చెమట మీద వసూలైన డబ్బు. కార్డు లేకపోతే అందులో మనకు వాటా లేదు. కార్డు ఇప్పిస్తామని వేలు గుంజే దళారుల చేతిలో పడకండి, నేరుగా లేబర్ ఆఫీసుకు పోదాం.

వచ్చే ఆదివారం పొద్దున ఏడుగంటలకు అడ్డా దగ్గర చాయ్ బండి పక్కన కలుద్దాం. ఆధార్, ఉంటే పాత లేబర్ కార్డు పట్టుకురండి. ఒడియా, హిందీ వచ్చినవాళ్లు తప్పకుండా రండి, ఈ కాగితం అక్కడే ఆ భాషల్లో చదివి చెప్పాలి. మేస్త్రీలు కూడా రావచ్చు, కుర్చీలు ఉండవు, అందరం నిలబడే మాట్లాడదాం. పిల్లలను వెంట తెచ్చుకోండి. విజిళ్లు చందాలతో కొని పెట్టాం, వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి ఇస్తాం. సోమవారం పొద్దున ఎవరి సైటులో వాళ్లు మెడలో వేసుకొని లోపలికి పోవాలి. గేటు దగ్గర ఎవరైనా తీసేయమంటే అక్కడే నిలబడి మిగతావాళ్లకు ఫోన్ చేయండి.

చించి జేబులో పెట్టుకోండి: అంబులెన్సు 108, పోలీసు 112, ఆడవాళ్ల సాయం 181, పిల్లలకోసం 1098, ఉచిత న్యాయసాయం 15100, మనసు బాధకు 14416.

ఇట్లు,
అడ్డా కూలీలు, చేతికింద పనోళ్లు, వాళ్లతో నిలబడ్డ కొందరు మేస్త్రీలు